అమ్మ ఇచ్చిన కిడ్నీ మీద కూడా యాంటీబాడీలు వస్తాయా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర పల్లె. నాకు 42 ఏళ్లు, జీడి ఫ్యాక్టరీలో పని. నా భార్యకు 36. ఇద్దరు పిల్లలు. మా ఉద్దానం కిడ్నీ జబ్బే ఆమెకూ వచ్చింది. ఏడాదిన్నర డయాలసిస్ చేయించాం. రక్తం తక్కువైందని మూడుసార్లు ఎక్కించారు. రెండేళ్ల క్రితం విశాఖలో ఆపరేషన్ అయింది. కిడ్నీ ఇచ్చింది వాళ్లమ్మ. మాది మేనరికం, అత్తగారు నాకు సొంత అక్క. ఇన్నాళ్లూ క్రియాటినిన్ 1.2 ఉండేది. ఈమధ్య 1.5 అయింది, తర్వాతి నెలకే 1.9. కొత్త కిడ్నీని ఒళ్లు తోసిపుచ్చకుండా వేసుకునే టాక్రోలిమస్ మాత్ర లెవెల్ రక్తంలో 3.4 వచ్చింది. కిడ్నీ ఇచ్చినావిడ మీద యాంటీబాడీలు ఉన్నాయని, డీక్యూ పాజిటివ్ అని రిపోర్టు ఇచ్చారు. బయాప్సీ చేయాలంటున్నారు. సూది గుచ్చితే ఉన్న కిడ్నీ కూడా పోతుందని మావాళ్లు భయపెడుతున్నారు. తల్లీకూతుళ్లు, బ్లడ్ గ్రూపు ఒకటే, మరి ఇలా ఎందుకైంది? "నా కిడ్నీయే మంచిది కాదేటిరా" అని అక్క ఒకటే ఏడుపు. ఇంకో మాట. కార్తీక సోమవారాలు ఉపవాసమని నా భార్య మాత్రలు మానేసింది. డబ్బు ఇబ్బంది వచ్చి కొన్నాళ్లు రెండు పూటల మాత్ర ఒక పూటే వేసుకుంది. తిడతారని డాక్టరుకు చెప్పలేదు. జలుబు తగ్గడం లేదని తిప్పతీగ కషాయం తాగుతోంది. ఒకవేళ ఈ కిడ్నీ పోతే నాది ఇవ్వవచ్చా?

జవాబు: ముందు బయాప్సీ సంగతి. మీరు అడిగినవాటిలో ఆలస్యం చేయకూడనిది అదే. వచ్చే నెల చెకప్‌కి వెళ్లినప్పుడు చూద్దాం అనుకుంటున్నారేమో, వద్దు. ఈ వారంలోనే చేయించండి.

1.2 నుంచి 1.9 అంటే అంకెల్లో చిన్న తేడాగానే కనిపిస్తుంది. కానీ కిడ్నీ పనితనం సుమారు మూడో వంతు తగ్గినట్టు. పైగా యాంటీబాడీల వల్ల జరిగే నష్టంలో క్రియాటినిన్ పెరగడం చివర్లో కనిపించే సంగతి. యాంటీబాడీలు ముందు కిడ్నీలోని సన్నటి రక్తనాళాల లోపలి పొరకు అంటుకుంటాయి. అక్కడ వాపు వస్తుంది, నాళాలు మందమవుతాయి, మూత్రంలో ప్రోటీన్ పోవడం మొదలవుతుంది. ఇదంతా కొన్ని వారాలో నెలలో నడిచాక గానీ క్రియాటినిన్ కదలదు. చాలామందికి నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, మూత్రం ఎప్పటిలాగే వస్తుంది. అందుకే మనిషి బాగానే తిరుగుతోంది కదా అని ఇంట్లోవాళ్లు ధైర్యంగా ఉండిపోతారు.

యాంటీబాడీ ఉందని రక్తపరీక్షలో తేలిపోయాక మళ్లీ సూది దేనికి అనిపించవచ్చు. రక్తంలో యాంటీబాడీ ఉన్నంత మాత్రాన అది కిడ్నీని దెబ్బతీస్తోందని చెప్పలేం. కొందరిలో యాంటీబాడీ ఉండి కూడా కిడ్నీ ఏళ్లతరబడి నిలకడగా పనిచేస్తుంది. రిపోర్టులో యాంటీబాడీ పక్కన, అది ఎంత బలంగా ఉందో సూచించే ఎంఎఫ్ఐ అని ఒక పెద్ద అంకె ఉంటుంది, దాన్ని చూసి టెన్షన్ పడకండి. అది ల్యాబుకూ ల్యాబుకూ మారుతుంది, ఇంత దాటితే కిడ్నీ పోతుందని గీత గీసి చెప్పే అంకె కాదు. ఇంకో పక్క, టీ కణాలు (రోగనిరోధక వ్యవస్థలోని ఒక రకం తెల్లకణాలు) నేరుగా చేసే దాడి అని వేరే రకం రిజెక్షన్ (కొత్త కిడ్నీని ఒళ్లు తోసిపుచ్చడం) ఉంది, దానికి మందులు వేరు. బీకే వైరస్ అని మరొకటి ఉంది, అదీ మార్పిడి కిడ్నీలో చేరి క్రియాటినిన్‌ను ఇలాగే పెంచుతుంది. చిక్కు ఎక్కడంటే, రిజెక్షన్ అయితే మందులు పెంచాలి, బీకే వైరస్ అయితే తగ్గించాలి. ఊహించి వైద్యం చేస్తే సరిగ్గా తలకిందులుగా చేసే ప్రమాదం ఉంది. కిడ్నీ ముక్కను మైక్రోస్కోపు కింద చూసి, యాంటీబాడీ పని చేసినచోట మిగిలే సీ4డీ అనే గుర్తు ఉందో లేదో పరీక్షిస్తే ఈ గందరగోళం చాలావరకు తేలిపోతుంది. ఆ రిపోర్టులో బాన్ఫ్ అనే మాట కనబడుతుంది. కెనడాలో ఒక ఊరి పేరు అది. 1991లో నిపుణులు అక్కడ కూర్చుని రిజెక్షన్‌ను ఎలా చదవాలో ఒక పద్ధతి మొదలుపెట్టారు. ఇప్పటికీ దాన్నే ఎప్పటికప్పుడు సవరించుకుంటూ వాడుతున్నారు.

ఇక భయం విషయం. మార్పిడి చేసిన కిడ్నీ వెనక నడుము దగ్గర ఉండదు, పొత్తికడుపులో ఒక పక్కన చర్మానికి దగ్గరగా ఉంటుంది. అందుకని సొంత కిడ్నీ బయాప్సీ కన్నా ఇది సులువు. అక్కడే మత్తు ఇచ్చి, స్కానింగ్‌లో చూస్తూ సన్నటి సూదితో దారం పోగంత ముక్క తీస్తారు. తర్వాత కొన్ని గంటలు కదలకుండా పడుకోవాలి. ఒకటి రెండుసార్లు మూత్రం ఎర్రగా రావడం కొందరికి జరుగుతుంది. రక్తం ఎక్కించాల్సినంత సమస్య నూటికి ఏ ఒకరిద్దరికో. బయాప్సీ వల్ల కిడ్నీయే పోవడం చాలా అరుదు. మీవాళ్లు చెప్పే కథలు ఎలా పుడతాయంటే, కిడ్నీ అప్పటికే బాగా దెబ్బతిన్నాక బయాప్సీకి వెళ్తారు, అది ఆగిపోతే నింద సూదికి వస్తుంది. ఆమె ఆస్పిరిన్ లాంటి రక్తం పలచబరిచే మాత్ర ఏదైనా వాడుతుంటే ముందే చెప్పండి. బీపీ అదుపులో ఉండాలి.

మీ అక్కగారికి ఈ మాట చదివి వినిపించండి: ఆమె కిడ్నీలో ఏ లోపమూ లేదు. యాంటీబాడీలు తయారుచేసేది కిడ్నీ పుచ్చుకున్న మనిషి ఒళ్లు. ఇచ్చినావిడకు దానితో ఏ సంబంధమూ లేదు. రెండేళ్లపాటు 1.2 దగ్గర నిలబడిన కిడ్నీని మంచిది కాదని ఎవరంటారు? ఆమె గురించి నాకున్న బెంగ వేరే. ఒక్క కిడ్నీతో ఉద్దానంలో ఉంటున్న మనిషి ఆవిడ. కిడ్నీ ఇచ్చిన తర్వాత ఏటా ఒకసారి బీపీ, క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ చూపించుకోవాలి. చేయించారో లేదో మీరు రాయలేదు. ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్ ఇంజెక్షన్లు, నొప్పి బిళ్లలు ఆవిడకు అసలు వద్దు. మీ భార్యకూ వద్దు.

తల్లీకూతుళ్లకు ఇలా ఎందుకయిందంటే, మార్పిడిలో బ్లడ్ గ్రూపు కలవడం పెళ్లిసంబంధంలో ఊరూ పేరూ నచ్చడం వంటిది. అసలు మాటలు ఆ తర్వాతే మొదలవుతాయి. ఇక్కడ ఆ అసలు మాటలు హెచ్ఎల్ఏ గురించి. మన కణాల మీద ఉండే ఈ ప్రోటీన్లను బట్టే ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ తనవాళ్లెవరో పరాయివాళ్లెవరో గుర్తిస్తుంది. వీటి జన్యువులు ఆరో క్రోమోజోము మీద ఒకేచోట గుంపుగా ఉండి, దాదాపు ఎప్పుడూ మొత్తం గుంపుగానే పిల్లలకు అందుతాయి. ప్రతి మనిషిలో అలాంటి వాటాలు రెండు, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. మీ అక్కలోని రెండు వాటాల్లో ఒకటే కూతురికి వచ్చింది. రెండోది రాలేదు. కూతురి ఒంటికి ఆ రెండో వాటా పరాయిదే. ఇప్పుడు యాంటీబాడీలు వచ్చింది ఆ వాటా మీదే. 1954లో బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే బృందం చేసిన కిడ్నీ మార్పిడి ఏ మందులూ లేకుండానే నిలిచిందంటే, ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఒకే పోలిక కవలలు. మిగతా అందరికీ, తల్లి ఇచ్చినా సరే, మాత్రలు జీవితాంతం తప్పవు.

రిపోర్టులోని డీక్యూ కూడా ఈ హెచ్ఎల్ఏ కుటుంబంలోదే. మార్పిడి తర్వాత కొత్తగా పుట్టే యాంటీబాడీల్లో ఎక్కువగా కనిపించేది దాని మీద వచ్చేవే. మందుల మోతాదు తగ్గినప్పుడు టీ కణాలు మేలుకుంటాయి. అవి బీ కణాలను పురికొల్పితే యాంటీబాడీలు పుడతాయి. పుట్టిన తర్వాత ఆ జ్ఞాపకం ఎముక మూలుగలో ఏళ్లతరబడి ఉండిపోతుంది. మందు మళ్లీ సరిగ్గా వేసుకున్నంత మాత్రాన చెరిగిపోదు.

కాబట్టి మీరు దాచిన సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి. లెవెల్ 3.4 చూసి ఆయన ఏమనుకుంటారు? మోతాదు చాలడం లేదనుకుని మాత్ర పెంచుతారు. ఈమె ఇంటికొచ్చి పెంచిన మాత్రను రెండు పూటలా సరిగ్గా వేసుకుంటే లెవెల్ ఎక్కువైపోతుంది, ఆ మందే కిడ్నీని దెబ్బతీస్తుంది. నిజం తెలిస్తే చేసే వైద్యం వేరు. తిడితే తిట్టనివ్వండి, ఒక పూట తిట్లకు కిడ్నీని పణంగా పెట్టలేం కదా. ఎన్ని సోమవారాలు మానేసింది, ఎన్నాళ్లు ఒక పూటే వేసుకుంది, గుర్తున్నంతవరకు ఒక కాగితం మీద రాసి ఆయన చేతిలో పెట్టండి. నోటితో చెప్పడం కన్నా అదే తేలిక.

లెవెల్ గురించి ఇంకో సంగతి. మీ వైపు నుంచి విశాఖ వచ్చేవాళ్లలో ఇది తరచూ జరుగుతుంది. టాక్రోలిమస్ లెవెల్‌కి రక్తం ఇవ్వాల్సింది ఉదయం మాత్ర వేసుకోకముందు, అంటే రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు. సోంపేటలో చీకటితో రైలెక్కేవాళ్లు మాత్ర మర్చిపోతామేమోనని వేసుకునే బయలుదేరతారు. విశాఖలో పది పదకొండు గంటలకు రక్తం ఇస్తారు. అప్పుడు వచ్చే అంకె ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది, అంతా బాగుందనిపిస్తుంది. ఈసారి ముందు రోజు రాత్రి మాత్ర కొంచెం ఆలస్యంగా వేసుకోవచ్చా అని డాక్టరును ఫోన్‌లో అడగండి. ఉదయం మాత్ర బ్యాగులో పెట్టుకుని, రక్తం ఇచ్చిన వెంటనే వేసుకోవాలి.

ఉపవాసం మానమని నేను చెప్పను. ఆమె భక్తి ఆమెది. మాత్రలు మాత్రం ఉపవాసం రోజున కూడా వేళకు పడాలి, నీళ్లూ తాగాలి. మాత్రకు, గుక్కెడు నీళ్లకు కోపగించుకునే దేవుడు కాదు శివుడు. డబ్బు సంగతీ మొహమాటం లేకుండా డాక్టరుతో మాట్లాడండి. తక్కువ ధరకు దొరికే కంపెనీ మాత్రకు మారవచ్చు, కానీ మారిన తర్వాత లెవెల్ మళ్లీ చూడాలి. అందుకే మందుల షాపువాడు మరో కంపెనీది ఇస్తే అడగకుండా తీసుకోకండి. రోజుకు ఒకేసారి వేసుకునే టాక్రోలిమస్ కూడా ఉంది. అది వేరే తయారీ, మామూలు మాత్రను ఒక పూటకు కుదించడం దానికి సమానం కాదు. ఏ మందులు పథకం కింద వస్తాయో, ఎన్నాళ్లు వస్తాయో ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటర్లో అడిగి రాయించుకోండి. తుపానుల జిల్లాలో ఉన్నారు కాబట్టి ఇంట్లో ఎప్పుడూ రెండు వారాల మాత్రలు అదనంగా ఉండాలి. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు రోడ్లు, కరెంటు లేకుండా ఎన్ని రోజులు గడిపారో మీకు నేను చెప్పనక్కర్లేదు.

తిప్పతీగ ఈరోజుతో ఆపేయండి. కరోనా తర్వాత ఇమ్యూనిటీ పెంచుకోమని ఊరూరా చెప్పారు, అది అందరికీ నూరిపోసిన మాట. మీ భార్య మాత్రలు వేసుకునేదే ఆ ఇమ్యూనిటీని అణచి ఉంచడానికి. ఒక చేత్తో అణచి మరో చేత్తో లేపితే ఎలా? తిప్పతీగతో కాలేయం దెబ్బతిన్నవాళ్లూ ఉన్నారు. పెరట్లో పంపర పనస చెట్టుంటే ఆ పండూ ఆమెకు వద్దు, టాక్రోలిమస్ లెవెల్‌ను అది పెంచేస్తుంది. జలుబుకు ఊళ్లో ఎవరైనా యాంటీబయాటిక్ రాసిస్తే వేసుకునేముందు విశాఖకు ఫోన్ చేయండి. క్లారిత్రోమైసిన్ లాంటివి లెవెల్‌ను అమాంతం పెంచుతాయి. టీబీకి వాడే రిఫాంపిసిన్ దాన్ని పడగొడుతుంది.

బయాప్సీలో యాంటీబాడీ రిజెక్షన్ అని తేలితే, అది ఈమధ్యే మొదలైందా, పాతబడిందా అన్నది ముఖ్యం. కొత్తదైతే స్టెరాయిడ్ డ్రిప్పులు, ప్లాస్మా మార్పిడి, ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు) ఇస్తారు. ప్లాస్మా మార్పిడి డయాలసిస్‌లాగే యంత్రం మీద జరుగుతుంది, రక్తంలోంచి యాంటీబాడీలను తీసేస్తుంది, కొన్ని విడతలు చేయాలి. కొందరికి బీ కణాలను తగ్గించే రిటుక్సిమాబ్ కూడా అవసరమవుతుంది. ఖర్చు లక్షల్లోకి వెళ్తుంది, మొదలుపెట్టకముందే లెక్క అడగండి. పాతబడిపోయిన రిజెక్షన్ అయితే జరిగిన నష్టాన్ని వెనక్కి తిప్పే మందు ఇప్పటికి చేతిలో లేదు. అప్పుడు ఉన్న కిడ్నీని వీలైనన్ని ఏళ్లు కాపాడుకోవడం మీద పెట్టాలి దృష్టి. టాక్రోలిమస్ లెవెల్ 5 కన్నా తగ్గకుండా, బీపీ 130/80 లోపు ఉండేలా, మూత్రంలో ప్రోటీన్ తగ్గేలా చూస్తారు. అలాంటి దశలో ఖరీదైన ఇంజెక్షన్లు వరుసగా రాస్తుంటే, దీనివల్ల ఒరిగేది ఎంత అని నిలదీసి అడిగే హక్కు మీకుంది. అప్పుచేసి జీడితోట అమ్ముకునే ముందు మరో నెఫ్రాలజిస్టు అభిప్రాయం కూడా తీసుకోండి.

చివరగా, మీ కిడ్నీ. చట్టప్రకారం భర్త దగ్గరి బంధువే, ఆ అడ్డు లేదు. అడ్డు ఉంటే మీ మేనరికంలోనే ఉండవచ్చు. మీ అక్కలోని ఏ వాటా కూతురికి రాలేదో దాని మీద ఇప్పుడు యాంటీబాడీలు ఉన్నాయి కదా. మీరూ అదే తల్లిదండ్రుల బిడ్డ. ఆ వాటా మీలోనూ ఉండే అవకాశం సగానికి సగం. ఉంటే, అక్క కిడ్నీ మీద పడుతున్న యాంటీబాడీలే మీ కిడ్నీ మీదా పడతాయి. అంతేకాదు, మీ వాటా పిల్లలకూ వస్తుంది, కడుపులో బిడ్డ ఉన్నప్పుడు తండ్రి వైపు హెచ్ఎల్ఏను తల్లి ఒళ్లు చూస్తుంది. పిల్లల్ని కన్న ఆడవాళ్లకు భర్త కిడ్నీ ఇవ్వబోతే చాలాసార్లు ఇక్కడే అడ్డం పడుతుంది. మీ భార్య విషయంలో రక్తం ఎక్కించిన మూడుసార్లూ కలపాలి, పరాయి హెచ్ఎల్ఏ పరిచయమయ్యే దారుల్లో అదీ ఒకటి. మొదటి ఆపరేషన్ ముందు క్రాస్ మ్యాచ్ (దాత కణాలను ఆమె రక్తంతో కలిపి యాంటీబాడీలు పడతాయేమో చూసే పరీక్ష) నెగటివ్ వచ్చినా పాత జ్ఞాపకం లోపల నిద్రపోతూ ఉండవచ్చు.

అలాగని మేనరికాన్ని తిట్టుకోకండి. కూతురికి వచ్చిన వాటా మీలోనూ ఉంటే బయటి సంబంధం భర్తకన్నా మీరే ఆమెకు దగ్గరగా కలుస్తారు. ఎటు వచ్చిందో తెలియాలంటే మీ రక్తంతో హెచ్ఎల్ఏ టైపింగ్ చేయించాలి, ఆ తర్వాత క్రాస్ మ్యాచ్. క్రాస్ మ్యాచ్ పాజిటివ్ అయినా చేసేద్దామని ఎవరైనా తేలిగ్గా అంటే ఒప్పుకోకండి. 1969లో పటేల్, టెరసాకి అనే ఇద్దరు లెక్కలు తీశారు. పాజిటివ్ ఉండగా కిడ్నీ పెట్టిన 30 మందిలో 24 మందికి అది వెంటనే పోయింది. నెగటివ్ ఉన్న 195 మందిలో అలా పోయింది 8 మందికే. ఇప్పుడు యాంటీబాడీలను ముందే తగ్గించి చేసే పద్ధతులు ఉన్నాయి గానీ ఖర్చూ ఎక్కువ, ప్రమాదమూ ఎక్కువ. దానికన్నా మరో జంటతో దాతలను మార్చుకునే పద్ధతి మేలు, 2011 సవరణతో చట్టం దానికి అనుమతిచ్చింది. చనిపోయినవారి అవయవాలు అవసరమైనవారికి అందించే జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించడం ఎలాగూ ఉంది.

ఇన్ని చెప్పినా, అసలు మీరు దాతగా పనికొస్తారా అన్నది వేరే ప్రశ్న. ఉద్దానంలో పుట్టి పెరిగి, ఇంట్లోనే ఈ జబ్బు చూసినవారు. మీ రెండు కిడ్నీలూ పూర్తిగా బాగున్నాయని, మూత్రంలో ప్రోటీన్ లేదని, బీపీ లేదని తేలాకే దాని గురించి మాట్లాడాలి. పరీక్షల్లో ఏ చిన్న అనుమానం వచ్చినా నేనైతే మిమ్మల్ని ఇవ్వనివ్వను. ఇంట్లో సంపాదించేది మీరు.

అంతవరకు ఆమెకు రక్తం తగ్గితే వెంటనే బాటిల్ ఎక్కించడానికి ఒప్పుకోకండి. ఐరన్, ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్లతో పెరుగుతుందేమో ముందు అడగండి. ప్రాణం మీదకు వచ్చి ఎక్కించక తప్పకపోతే తెల్లకణాలు వడకట్టిన రక్తం ఇమ్మనండి. ఒకవేళ కిడ్నీ పూర్తిగా పోయి మళ్లీ సోంపేటలోనో పలాసలోనో డయాలసిస్‌కి వెళ్లాల్సి వచ్చినా, ఇక పనేముందని మాత్రలు మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేయవద్దు. ఆపితే యాంటీబాడీలు ఇంకా పెరుగుతాయి, రెండో కిడ్నీ ఎవరిది తెచ్చినా క్రాస్ మ్యాచ్ కుదరడం కష్టమవుతుంది. వాటిని ఎప్పుడు, ఎంత తగ్గించాలో నెఫ్రాలజిస్టు చెప్పాలి.